సీమ పట్టా, మదరాసు కోర్టు: తెలుగు రచనలలో బారిష్టరు అర్హత

తెలుగులో 'బారిష్టరు' అనగానే పాఠకులకు గుర్తుకు వచ్చేది పార్వతీశం. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో వెలువరించిన 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం ఆ మాటకు ఒక నవ్వును శాశ్వతంగా జోడించింది. నవల హాస్యం గురించి ఎంతో చర్చ జరిగింది, ఇంకా జరుగుతుంది. ఈ వ్యాసం ఆ హాస్యానికి ముందున్న ప్రశ్నతో మొదలవుతుంది. మొగల్తూరు కుర్రవాడు న్యాయవాది కావాలంటే మదరాసులో రైలు దిగితే చాలదా? లండను దాకా ఎందుకు పోవాలి? అక్కడ సంపాదించిన అర్హత అక్కడి కోర్టులకు సంబంధించినది. దానిని తెచ్చుకొని వాదించదలచినది మాత్రం ఇక్కడి కోర్టులలో. పరాయి దేశంలో న్యాయవాదిగా నిలబడే అర్హతను స్వదేశంలో అన్నం పెట్టే వృత్తిగా మార్చుకోవడమనే ఈ విచిత్రమైన ఏర్పాటును తెలుగు రచనలు ఎలా నమోదు చేశాయో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. టంగుటూరి ప్రకాశం ఆత్మకథ 'నా జీవిత యాత్ర', మొక్కపాటి నవల ఇందుకు ప్రధాన ఆధారాలు. పోలికకు గాంధీజీ ఆత్మకథ, వి.వి. గిరి జీవితంలోని డబ్లిన్ ఘట్టం తోడ్పడతాయి.

ముందుగా మదరాసులోని మెట్ల సంగతి చూడాలి. 1861 నాటి హైకోర్టుల చట్టాన్ని అనుసరించి 1862లో మదరాసు హైకోర్టు ఏర్పడింది. ఆ చట్టం హైకోర్టు న్యాయమూర్తులలో కనీసం మూడవ వంతు బారిష్టర్లే ఉండాలని నిర్దేశించింది. అంటే బారిష్టరు హోదా కేవలం సాంఘిక గౌరవం కాదు, న్యాయపీఠంలో చట్టం స్వయంగా కేటాయించిన వాటా. వారి కింద హైకోర్టు వకీళ్ళు ఉండేవారు. వకీలు కావాలంటే విశ్వవిద్యాలయపు పట్టా, ఆపైన బి.ఎల్. కావాలి. ఆ కింద 1879 నాటి న్యాయవాద వృత్తి చట్టం పరిధిలోకి వచ్చే ప్లీడర్లు ఉండేవారు. వారిలోనూ మొదటి తరగతి, రెండవ తరగతి అనే భేదం ఉంది. రెండవ తరగతి ప్లీడరు ఎంత దిట్ట అయినా కింది కోర్టులకే పరిమితం. తాను నడిపిన దావా పైకోర్టుకు అప్పీలుగా వెళ్తే, దానిని మరొకరి చేతిలో పెట్టి కాగితాలు అందిస్తూ పక్కన కూర్చోవలసిందే.

ఇక్కడ మదరాసుకు, కలకత్తాకు ఉన్న తేడాను గమనించాలి. కలకత్తాలో హైకోర్టు ఒరిజినల్ విభాగం చాలాకాలం బారిష్టర్ల సొంత ఆస్తిలా సాగింది. మదరాసులో వకీళ్ళు 1860ల నుంచే ఆ విభాగంలో వాదించే హక్కు సంపాదించుకున్నారు. ఆ హైకోర్టులో తొలి భారతీయ న్యాయమూర్తి టి. ముత్తుస్వామి అయ్యరు బారిష్టరు కారు. భాష్యం అయ్యంగారి వంటి వకీళ్ళ పాండిత్యం ముందు బారిష్టర్లు వెనుకబడిన సందర్భాలూ ఉన్నాయి. కనుక మదరాసు రాష్ట్రంలో సీమ పట్టా లేనిదే పైకి రాలేమన్న మాట పూర్తిగా నిజం కాదు. బి.ఏ., బి.ఎల్. చదవగలిగిన వారికి మరొక దారి తెరిచే ఉంది. ఆ రెండు పట్టాలూ లేకుండా వృత్తిలో ప్రవేశించి, ఏళ్ళ తరబడి కింది కోర్టులలో పేరు తెచ్చుకొని, అక్కడితో దారి మూసుకుపోయిన వారికే లండను అవసరమైంది. సీమ చదువు ధనికుల విలాసమనే అభిప్రాయాన్ని ఈ కోణం కొంత సవరిస్తుంది. ఖర్చుకు అది ధనికుల చదువే. వృత్తి నియమాల లెక్కలో మాత్రం అది పట్టా లేనివారికి దొరికిన అడ్డదారి.

తెలుగు సాహిత్యంలో ఈ మెట్ల ప్రతిబింబం తొలిసారి స్పష్టంగా కనిపించేది 'కన్యాశుల్కం'లో. 1892లో ప్రదర్శితమై, 1909లో పెంపుచేసిన రూపంలో వెలువడిన ఆ నాటకమంతా వ్యాజ్యాల మయం. సౌజన్యారావు పంతులు వకీలు, అగ్నిహోత్రావధానులు దావాల మనిషి, కోర్టు చుట్టూ బతికేవారు అడుగడుగునా తగులుతారు. ఆ ప్రపంచంలో బారిష్టరు పాత్ర మాత్రం లేదు. గురజాడకు తెలియక కాదు. విశాఖపట్నం జిల్లా కోర్టు పరిధిలో నడిచే బతుకుకు బారిష్టరు అక్కర లేదు. అతడు మదరాసు సరుకు.

ఇక లండను వైపు చూస్తే, నాలుగు 'ఇన్స్ ఆఫ్ కోర్ట్' సంస్థలలో ఒకదానిలో చేరి పన్నెండు టర్ములు పూర్తి చేయడం, పరీక్షలు ప్యాసు కావడం బారిష్టరు కావడానికి విధులు. పన్నెండు టర్ములంటే దాదాపు మూడేళ్ళు. టర్ము పూర్తి చేయడమంటే పాఠాలు వినడం కాదు, ఆ సంస్థ భోజనశాలలో నిర్ణీత సంఖ్యలో విందులకు హాజరు కావడం. గాంధీజీ 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కి ఇన్నర్ టెంపుల్‌లో చేరారు. ఆయన ఆత్మకథలో ఈ విందుల వర్ణన ప్రసిద్ధం. టర్ముకు ఇరవై నాలుగు విందులు జరిగితే కనీసం ఆరింటికి హాజరు కావాలి. నలుగురు కూర్చున్న బల్లకు రెండు సీసాల ద్రాక్షసారా ఇచ్చేవారు. గాంధీజీ తాగరు కనుక ఆ రెండు సీసాలూ మిగిలిన ముగ్గురికే దక్కేవి. అందువల్ల ఆయనను తమ బల్ల దగ్గరకు రమ్మని పిలిచేవారి సంఖ్య పెరిగింది. భోజనం బారిష్టరును ఎలా తయారు చేస్తుందో తనకు అప్పుడూ అర్థం కాలేదు, తరువాతా అర్థం కాలేదని ఆయన భావం. పరీక్షలు రెండు, ఒకటి రోమన్ లా, రెండవది ఇంగ్లీషు కామన్ లా. రోమన్ లాను లాటిన్‌లో చదవడం దక్షిణాఫ్రికాలో తనకు ఉపయోగపడిందని ఆయన చెప్పుకున్నారు. 1891 జూన్ 10న బారిష్టరు అయ్యారు, 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకున్నారు, 12న ఓడ ఎక్కారు.

ఈ మూడు తేదీల వరుసలోనే సమస్య సారాంశం ఉంది. ఇంగ్లండులో వాదించే హక్కు వచ్చిన మూడవ రోజుకు ఆయన ఇంగ్లండులో లేరు. ఆ వెంటనే వచ్చే అధ్యాయంలో ఆయన భయమంతా కనిపిస్తుంది. హిందూ న్యాయశాస్త్రం తెలియదు, మహమ్మదీయ న్యాయం తెలియదు, దావా పత్రం రాయడం కూడా నేర్చుకోలేదు. మూడేళ్ళ చదువు ఆయనను మరొక దేశానికి యోగ్యుణ్ణి చేసి, సొంత ఊరి కోర్టులో నిస్సహాయుణ్ణి చేసింది. విదేశంలో న్యాయవాదిగా నిలబడవలసి వచ్చినప్పుడు ఆ పట్టా ఎంతవరకు అక్కరకు వచ్చిందన్నది వేరే కథ. 1894లో నేటాల్ సుప్రీంకోర్టులో పేరు నమోదుకు దరఖాస్తు చేసుకుంటే అక్కడి లా సొసైటీ అభ్యంతరం చెప్పింది. నియమాలు రాసిన నాడు నల్లవాడు దరఖాస్తు పెడతాడని ఎవరూ ఊహించలేదన్నది ఆ అభ్యంతరంలోని అసలు మాట. కోర్టు దానిని తోసిపుచ్చి ఆయనను చేర్చుకుంది. ప్రమాణం చేశాక తలపాగా తీయమన్నది. ఆయన తీశారు. ఒకే సామ్రాజ్యంలో ఒకే పట్టా ఒకచోట మూడవ వంతు న్యాయపీఠానికి తాళంచెవి, మరొకచోట గుమ్మం దగ్గర వాదన.

గాంధీజీ చదువులేమి నుంచి సీమకు వెళ్ళిన యువకుడు. ప్రకాశం పంతులు అలా కాదు. 1872లో పుట్టి, ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడిపి పోషించగా చదువుకొని, గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అండతో రాజమహేంద్రవరం చేరి, అక్కడ రెండవ తరగతి ప్లీడరుగా స్థిరపడిన మనిషి ఆయన. సీమకు బయలుదేరిన 1904 నాటికి ముప్పై దాటాయి. అప్పటికే రాజమహేంద్రవరం పురపాలక సంఘాధ్యక్షుడు. కక్షిదారులు ఉన్నారు, రాబడి ఉంది, ఊళ్ళో శత్రువులూ ఉన్నారు. లేనిదల్లా పైకోర్టులో నోరు విప్పే హక్కు. ఒక వ్యాజ్యం పని మీద మదరాసు వెళ్ళినప్పుడు ఆయన కేసు వివరించిన తీరు చూసి ఒక బారిష్టరు, నీవే బారిష్టరు ఎందుకు కాకూడదని ప్రోత్సహించడంతో ఆ ఆలోచన మొలిచింది. ఈ ఘట్టం ఎంతో అర్థవంతమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కేసు ఆయనది, వాదన ఆయనది. పెదవి మాత్రం మరొకరిది. ఆ పెదవిని సంపాదించుకోవడానికి ఆరువేల మైళ్ళు పోవలసి వచ్చింది.

ప్రకాశం తల్లికి ఇచ్చిన మాట గాంధీజీ తల్లికి ఇచ్చిన మాటను తలపిస్తుంది. మాంసం ముట్టను, మద్యం ముట్టను, పొగ తాగను అన్నవి ఆ నియమాలు. ఈ పోలికను ఒకరి ప్రభావంగా భావించనక్కరలేదు. విందులే విద్యగా ఉన్న చోటికి పోతున్న కొడుకు నుంచి ఏ తల్లి అయినా కోరేది విందుకు సంబంధించిన మాటే. పూటకూళ్ళ ఇంట పరాయివారికి వడ్డించి కొడుకును చదివించిన సుబ్బమ్మ, ఆ కొడుకు పరాయివారి బల్ల దగ్గర ఏమి తింటాడో అని బెంగపడటంలో ఒక విషాదపు సామరస్యం ఉంది. సముద్రయానం పట్ల నాటి శాస్త్ర నిషేధం, బంధువర్గపు వెలి భయం ఈ బెంగకు వెనుక గోడలు. అర్హత కోసం పెట్టే ఖర్చులో ఓడ టిక్కెట్టు, ఇన్ రుసుములు, విందుల సొమ్ముతో పాటు కులంలో కోల్పోయేదాన్ని కూడా కలుపుకోవలసిన కాలమది.

లండనులో ప్రకాశం చదువు మీదనే కూర్చోలేదు. దాదాభాయి నౌరోజీ పార్లమెంటు ఎన్నికల ప్రచారంలో పని చేశారు, భారతీయుల సంఘాలలో తిరిగారు. అయినా పరీక్షలలో యోగ్యతా పత్రం సంపాదించి 1907లో తిరిగి వచ్చి మదరాసు హైకోర్టులో బారిష్టరుగా కుదురుకున్నారు. గాంధీజీకి లేని సౌలభ్యం ఆయనకు ఉంది. సీమకు పోకముందే ఆయనకు దావా నడపడం తెలుసు, సాక్షిని అడ్డుప్రశ్నలు వేయడం తెలుసు, హిందూ న్యాయశాస్త్రంలో నిత్యం నలిగిన అనుభవం ఉంది. లండను ఆయనకు న్యాయం నేర్పలేదు, నేర్చిన న్యాయానికి ముద్ర వేసింది. 'నా జీవిత యాత్ర' చదివేటప్పుడు ఈ భేదాన్ని దృష్టిలో ఉంచుకుంటే, ఆ గ్రంథంలో సీమ అనుభవం రాజకీయ విద్యగా ఎందుకు రూపుదిద్దుకున్నదో అర్థమవుతుంది. వృత్తి విద్య కోసం ఆయన అక్కడకు వెళ్ళలేదు. వెళ్ళినది హోదా కోసం. అది విందుల లెక్కతో పూర్తవుతుంది. మిగిలిన సమయం దాదాభాయికి దక్కింది.

భాష విషయంగా ఒక మాట. ఇంగ్లీషులో బారిష్టరు కావడాన్ని 'కాల్డ్ టు ది బార్' అంటారు, అంటే బారు దగ్గరకు పిలవబడటం. పిలిచేది సంస్థ, పిలుపు అందుకునేవాడు అభ్యర్థి. తెలుగులో ఈ పిలుపు మాయమైంది. 'బారిష్టరు చదివాడు', 'బారిష్టరు ప్యాసయ్యాడు' అనే అంటాం. ఎఫ్.ఏ. చదివినట్టు, మెట్రిక్ ప్యాసయినట్టు. ఒక సంఘంలో సభ్యత్వాన్ని తెలుగువారు ఒక పరీక్షగా అనువదించుకున్నారు. ఇది అజ్ఞానం కాదు. ఇక్కడి సమాజానికి ఆ అర్హత చేరిన రూపం అదే. విందులూ టర్ములూ సముద్రానికి ఆవల ఉండిపోయాయి, పట్టా ఒక్కటే ఓడ దిగింది. అలాగే 'సీమకు వెళ్ళాడు' అన్న పదబంధం చూడండి. ఎందుకు వెళ్ళాడో చెప్పనక్కరలేకుండా అందులోనే చదువు, హోదా, కొంత ధిక్కారం ఇమిడి ఉన్నాయి. మొక్కపాటి నవలకు పునాది ఈ పదబంధమే.

లండనుకు ప్రత్యామ్నాయం లేకపోలేదు. బరంపురంలో తెలుగు కుటుంబంలో 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో డబ్లిన్ వెళ్ళారు. 1909లో లండనులో కర్జన్ వైలీ హత్య తరువాత భారతీయ విద్యార్థులపై అక్కడి అనుమానపు చూపు పెరిగిన రోజులవి. శ్యాంజీ కృష్ణవర్మ పేరును ఇన్నర్ టెంపుల్ అదే సంవత్సరం తన పట్టీ నుంచి తొలగించింది. డబ్లిన్‌లో బారిష్టర్లను తయారు చేసే సంస్థ కింగ్స్ ఇన్స్. అక్కడ చేరినవారు యూనివర్సిటీ కాలేజీలో ఏడాది పాటు తప్పనిసరిగా పాఠాలు వినాలి. 1914-15లో ఆ పాఠాలకు హాజరైన పదముగ్గురు భారతీయులలో గిరి ఒకరు. అదే కళాశాలలో ఇంగ్లీషు బోధించిన థామస్ మెక్‌డొనా 1916 ఈస్టరు తిరుగుబాటు నాయకులలో ఒకరిగా మరణశిక్షకు గురయ్యారు. గిరి 1916 జూన్ 21న బారిష్టరు అయ్యారు. జూలై 1 లోగా దేశం విడిచి పొమ్మన్న ఉత్తర్వు అప్పటికే ఆయన చేతిలో ఉంది. అర్హత ఇచ్చిన దేశమే పది రోజులలో గెంటివేసింది. ఆ పట్టా మదరాసు హైకోర్టులో మాత్రం చెల్లింది. ఆయన అక్కడ పేరు నమోదు చేయించుకున్నారు. గిరి తన స్వీయచరిత్రను ఇంగ్లీషులో రాశారు. ఈ డబ్లిన్ ఘట్టం తెలుగు వచనంలోకి ప్రకాశం లండను వలె చేరలేదు. చేరి ఉంటే సీమ అంటే ఇంగ్లండు ఒక్కటే అన్న మన ఊహ కొంత చెదిరేది.

ఇప్పుడు పార్వతీశం. మొదటి భాగం దాదాపు ప్రయాణమే. నర్సాపురం ప్రాంతపు పల్లె నుంచి మదరాసు, అక్కడి నుంచి కొలంబో, ఓడ మీద ఫ్రాన్సు, ఆపైన ఇంగ్లండు. మదరాసులో ఆడవారి టోపీ కొనుక్కొని దొరటోపీ అనుకోవడం వంటి ఘట్టాలు తెలుగు పాఠకులకు కంఠస్థం. తనను తాను చూసి నవ్వుకునే ఉత్తమపురుష కథనం వాటిని వెకిలితనం కాకుండా కాపాడింది. కానీ ఒకటి గమనించాలి. బారిష్టరు చదువంటే ఏమిటో పార్వతీశానికి బయలుదేరేటప్పుడు తెలియదు. ఆ అజ్ఞానాన్ని పల్లెటూరి అమాయకత్వంగానే చదివితే సగమే చదివినట్టు. గాంధీజీకి సీమ చదువు సలహా ఇచ్చిన మావజీ దవే వాదన గుర్తు తెచ్చుకోండి. బి.ఏ.కు నాలుగైదేళ్ళు, ఆపైన న్యాయశాస్త్రానికి మరికొన్నేళ్ళు, బారిష్టరుకు మూడేళ్ళే. ఆ పెద్దమనిషి లెక్క వేసింది కాలం, ఖర్చు, హోదా. చదువులో ఏముంటుందన్న ప్రసక్తి ఆ లెక్కలో లేదు. పార్వతీశం తెలివితక్కువ పని చేసి ఉంటే, అదే లెక్క వేసుకొని ఒక తరం తరమే ఆ పని చేసింది. అతనిది వారికంటే కాస్త బాహాటం.

చట్టం కంటే టోపీ, బూట్లు, కత్తీ ముల్లూ ఈ నవలలో ఎక్కువ చోటు ఆక్రమించడానికి మొక్కపాటి వారి హాస్యప్రియత్వం ఒక కారణం. మరొక కారణం ఆ అర్హత స్వభావంలోనే ఉంది. ఏ చదువు భోజనబల్ల దగ్గర నడుస్తుందో, ఆ చదువులో కత్తీ ముల్లూ పాఠ్యాంశాలే. టోపీ తప్పయితే అది కేవలం నవ్వుకునే తప్పు కాదు, ఆ సభ్యత్వంలో ఎదురయ్యే మొదటి పరీక్షలో తప్పడం. గాంధీజీ కూడా అదే లండనులో పట్టుటోపీ కొని, నాట్యం నేర్చి, వయొలిన్ కొన్న సంగతిని సిగ్గుపడుతూనే రాసుకున్నారు. ఇద్దరికీ తేడా స్వరంలో ఉంది. గాంధీజీ పశ్చాత్తాపంతో చెప్పినదాన్ని మొక్కపాటి ఆప్యాయంగా చెప్పారు. హాస్యరచనగా పార్వతీశం గొప్పదనం ఇక్కడే ఉందని, సంస్థ మీద ఒక్క విమర్శ వాక్యం రాయకుండా ఆ సంస్థ ఏమి పరీక్షిస్తుందో చూపగలిగిందని ఈ వ్యాసకర్త భావన.

నవల కాలాన్ని కూడా పట్టించుకోవాలి. 1921లో సహాయ నిరాకరణలో భాగంగా ప్రకాశం పద్నాలుగేళ్ళ బారిష్టరు వృత్తిని వదిలి, 'స్వరాజ్య' పత్రిక స్థాపించారు. 1922లో గాంధీజీకి శిక్ష పడిన తరువాత ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు తొలగించింది. లండను ఇచ్చిన హక్కును లండనే వెనక్కు తీసుకోగలదని దానితో మరొకసారి రుజువైంది. ఆ పేరు తిరిగి చేరడానికి 1988 దాకా ఆగవలసి వచ్చింది. శ్యాంజీ కృష్ణవర్మకు 2015 దాకా. 1923లో సర్ ఎడ్వర్డ్ ఛామియర్ అధ్యక్షతన బారు సంఘం విచారణ మొదలైంది. వకీళ్ళకు, బారిష్టర్లకు మధ్య గోడ ఎందుకన్న ప్రశ్న దాని ముందుంది. 1926లో భారత బార్ కౌన్సిళ్ళ చట్టం వచ్చింది. అంటే మొదటి భాగం వెలువడిన 1924 నాటికి బారిష్టరు హోదా రెండు వైపుల నుంచి కరుగుతూ ఉంది. ఒక వైపు స్వచ్ఛందంగా వదిలేసేవారు, మరొక వైపు చట్టంతో సమం చేసేవారు. ఒక హోదా గంభీరంగా నిలబడి ఉన్నప్పుడు దాని మీద ఇంత హాయిగా నవ్వడం కష్టం. ఇరవై ఏళ్ళు ముందు, ప్రకాశం ఓడ ఎక్కిన నాడు, ఈ నవల వచ్చి ఉంటే అది ఇంత ఆత్మీయంగా ఉండేది కాదేమో.

చాలా కాలానికి వచ్చిన తరువాతి భాగాలు స్కాట్లండు జీవితాన్ని, తిరిగి రాకను చూపుతాయి. మొదటి భాగంలోని ఊపు వాటిలో లేదన్న మాట తరచు వినిపిస్తుంది, అందులో నిజముంది. అయితే అర్హత కథగా చూస్తే అవి అవసరం. పోవడం హాస్యం కావచ్చు. తిరిగి వచ్చి ఆ పట్టాతో ఏమి చేయాలన్నది హాస్యానికి లొంగని ప్రశ్న. గాంధీజీ బొంబాయిలో తొలి కేసులో లేచి నిలబడి, నోట మాట రాక కూర్చుండిపోయిన ఘట్టం అందుకు సాక్ష్యం.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టం న్యాయమూర్తులలో బారిష్టర్ల వాటాను ఎత్తివేసింది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం వకీలు, ప్లీడరు, బారిష్టరు భేదాలను తీసివేసి 'అడ్వకేటు' అన్న ఒక్క వర్గాన్ని నిలిపింది. చట్టం తుడిచివేసిన ఆ మాటలలో వకీలు, ప్లీడరు మన వాడుకలో వృత్తి పేర్లుగా మిగిలాయి. బారిష్టరు మాత్రం మనిషి పేరుకు ముందు చేరే మాటగానే మిగిలింది. ప్రకాశం పంతులు విషయంలో అదీ నిలవలేదు. మూడేళ్ళ విందులతో వచ్చిన ఆ బిరుదును పక్కకు నెట్టి జనం ఆయనకు ఆంధ్రకేసరి అన్న పేరు ఖాయం చేశారు. ఇక ఆ మాట పార్వతీశానికి మిగిలింది.